ఆసుపత్రి మీటింగ్‌లో మన మాట ఎక్కడ?

2021 సెప్టెంబర్ 11 గుర్తుందా? మన వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు, టీకాలు పంపే 'మెడిసిన్ ఫ్రమ్ ది స్కై' ప్రాజెక్టు మొదలైన రోజు. మంచి పనే. కానీ మందు గాల్లో ఎగిరొచ్చినా, అది వేసుకోవాల్సిన మనిషి కష్టం డ్రోన్‌కు తెలియదు కదా! అది మనిషినే అడగాలి. ఈరోజు ఎపిసోడ్ దాని గురించే.

మోమిన్‌పేట్ వైపు పత్తి ఏరే రోజులు అనుకోండి. బీపీ ఉన్న ఒక అమ్మ గోలీల కోసం పీహెచ్‌సీకి వస్తే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకే ఒక నెల రాదు, రెండో నెలా రాదు. 'ఈమె మందులు సరిగ్గా వాడదు' అని మనం అనేస్తాం. అడిగితే ఆమే చెప్తుంది: రెండు నెలల గోలీలు ఒకేసారి ఇస్తారా? అంగడికి వచ్చిన రోజే బీపీ చూస్తారా? తాండూరు నాపరాయి పాలిషింగ్ దగ్గర పనిచేసేవాళ్లను అడగండి. ఆ దుమ్ములో మాస్క్ పెట్టుకుని రోజంతా పనిచేయడం ఎందుకు కష్టమో వాళ్లే చెప్తారు. ఇవి తెలియకుండా వేసిన ప్లాన్ కాగితం మీదే ఉంటుంది. బీపీ ముదిరి పక్షవాతం వస్తే నష్టపోయేది ఆ ఇల్లు.

ఇది కొత్త ఆలోచనేం కాదు. వైద్యసేవల ప్లానింగ్‌లో, అమలులో పాల్గొనడం ప్రజల హక్కు, బాధ్యత అని 1978లోనే అల్మా-అటా ప్రకటన చెప్పింది. మన దేశంలో 2005లో వచ్చిన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఇందుకు రెండు దారులు చూపింది. ఒకటి, ఊర్లో గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ. 2013 మార్గదర్శకాల ప్రకారం ఇందులో కనీసం 15 మంది ఉండాలి, సగం మంది ఆడవాళ్లు కావాలి, నెలనెలా కూర్చోవాలి. ఆసుపత్రి సేవలు వాడుకునేవాళ్లకూ అందులో చోటుంది. రెండోది, ఆసుపత్రి స్థాయిలో రోగి కల్యాణ్ సమితి. మన దగ్గర హాస్పిటల్ డెవలప్‌మెంట్ సొసైటీ అంటారు.

అయితే కమిటీ ఉంటే సరిపోదు. రిజిస్టర్‌లో సంతకాలు పెట్టి లేచిపోతే పేషెంట్‌ను అడిగినట్టు కాదు. చెప్పింది రాసుకోవాలి. వచ్చే మీటింగ్‌లో ఏం చేశారో, చేయలేకపోతే ఎందుకో చెప్పాలి.

మరి మనమేం చేయాలి? మీ ఊరి ఆశా అక్కను మూడు మాటలు అడగండి. మన కమిటీలో ఎవరున్నారు? మీటింగ్ ఎప్పుడు? పోయినసారి ఏం రాసుకున్నారు? తర్వాత మీ ఇంట్లో బీపీ, షుగర్ ఉన్నవాళ్ల ఇబ్బందులు ఫోన్‌లో నోట్ చేసుకుని, వీలైతే వాళ్లనే తీసుకుని వెళ్లండి. ఫోన్‌లో మనమిచ్చే స్టార్ రేటింగ్ అయిపోయిన పనికి. ఆ మీటింగ్‌లో చెప్పే మాట ఇకముందు జరగాల్సిన పనికి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి!