ఉప్పుకు కప్పు

నౌపడాలోనో, చినగంజాంలోనో ఉప్పు కొఠార్లు చూచినవారికి ఒక దృశ్యం జ్ఞాపకముండే ఉంటుంది. వానలు రాకముందే ఉప్పు రాశులమీద తాటాకులు కప్పి భద్రం చేస్తారు. తినే ఉప్పు కనుక ఆ జాగ్రత్త సహజమే. దారిమీద చల్లి చక్రాలకింద పోయే ఉప్పుకు అంత జాగ్రత్త దేనికని అమెరికాలో చాలాకాలం అనుకొన్నారు.

ఆ దేశపు ఉత్తర రాష్ట్రాలలో శీతకాలంలో రోడ్లమీద మంచు గడ్డకట్టుతుంది. ఉప్పు కలిసిన నీరు సున్నా డిగ్రీల వద్ద గడ్డకట్టదు. కాబట్టి ఉప్పు చల్లితే మంచు రోడ్డును పట్టు వదులుతుంది. చలి మైనస్ 9 డిగ్రీలు దాటితే మాత్రం దాని పని బాగా మందగిస్తుంది. 1941-42 శీతకాలంలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రం మొట్టమొదట దీనిని విధానంగా అవలంబించినది. నేడు ఆ దేశం రోడ్లమీద చల్లే ఉప్పు ఏటా కోటి టన్నులకు మించుతున్నది.

మంచు కురిసేనాటికి ఇది చేతికందేచోట ఉండాలి. అందుచేత ముందుగానే తెప్పించి నిలవచేస్తారు. ఆరుబయట కుప్పపోస్తే కట్టడపు ఖర్చు లేదు. కాని వాన ఆ కుప్పను ఊరకే ఉంచదు గదా! కొంత కరిగి పోతుంది, మిగిలినది రాయిలా గడ్డకట్టి యంత్రానికి లొంగదు. పోయినది ఎక్కడికి పోతుంది? భూమిలోకి, అక్కడనుంచి బావులలోకి. మసాచుసెట్స్‌లోని బర్లింగ్టన్ పట్టణంలో మంచినీటి బావులు ఉప్పెక్కగా, 1970లో వీధులలో ఉప్పు చల్లడాన్నే నిషేధించవలసి వచ్చింది. రోడ్డుమీద పలుచగా చల్లిన ఉప్పుకంటే కుప్పనుంచి కారే నీరు మరింత చిక్కనిది. రక్తపుపోటు ఉన్నవారికి ఆ బావినీరు ఎంతమాత్రం మంచిది కాదు.

ఇక ఏ కప్పు చవుక? కొద్దిపాటి ఉప్పుతో సరిపెట్టుకొనే చిన్న ఊరికి టార్పాలిన్ చాలును. అయితే మంచుతుఫానులో, అర్ధరాత్రివేళ దానిని విప్పి మళ్లీ కట్టే కూలీల అవస్థను లెక్కలో వేసుకోవాలి. పెద్ద నిలవలకు కొయ్యతో కట్టిన గుమ్మటం బాగున్నది. పోసిన ఉప్పు తనంతట తాను సుమారు 32 డిగ్రీల వాలుతో శంకువులా నిలుస్తుంది; గుమ్మటం ఆ ఆకారానికే అమరుతుంది గనుక చోటు వృథా కాదు. ఇనుమును ఉప్పు తినివేస్తుంది, కొయ్యను అంతగా బాధించదు. కాంక్రీటు గోడలమీద గట్టి గుడ్డ పరచిన పొడుగాటి షెడ్డుకు వేరే సుగుణమున్నది: అవసరమైతే పొడిగించుకోవచ్చు. లారీ తొట్టి ఎత్తి లోపలే ఉప్పు దింపగలిగినంత ఎత్తు, గాలివాటుకు ఎదురుగా లేని వాకిలి ఏ కట్టడానికైనా ఉండవలసినవే.

డబ్బు తక్కువైతే నేనైతే పైకప్పు సొగసు తగ్గిస్తాను గాని నేలను తగ్గించను. నీరు ఇంకని తారు నేల, బయటకు వాలు, బావులకు దూరమైన స్థలం ముందు చూడాలి. స్థలం ఎంచుకొనడానికి ఆలోచనే గాని అదనపు ఖర్చు సాధారణంగా ఉండదు.

ఇన్ని చేసినా లారీకి ఎత్తేటప్పుడు వాకిట్లో కొంత ఉప్పు ఒలుకుతూనే ఉంటుంది. పని ముగియగానే దానిని ఊడ్చి లోపల పోయవలసినదే.