ఇల్లు అద్దెకు ఇవ్వబడును

ఖైరతాబాదు కూడలి నుండి చింతలబస్తీలోనికి నడిచిపోయే వారికి గోడల మీద, గేట్ల మీద, కరెంటు స్తంభాల మీద ఒకే మాట కనబడుతుంది: టు-లెట్. దాని క్రింద ఒక ఫోను నంబరు. కొందరు ఇంకొక పంక్తి చేరుస్తారు: "ఫ్యామిలీలకు మాత్రమే", "శాకాహారులకు మాత్రమే". నోటితో అద్దె అన్నా, కిరాయి అన్నా, బోర్డు మీద మాత్రము టు-లెట్ అనియే వ్రాయుట మనవారి అలవాటు. అద్దె కోస్తా జిల్లాల మాట, కిరాయి తెలంగాణము మాట. 1956 తరువాత రెండును ఒకే వీధిలో కాపురము పెట్టినవి. ఇల్లు వెతుక్కొంటూ వచ్చిన మనిషి నోట ఈ రెండింటిలో ఏది వచ్చునో విని, అతని ఊరిని పోల్చుకొనే యజమానులు నేటికీ ఉన్నారు.

అద్దె ఇంటి సమస్య ఈ నగరమునకు నిన్న మొన్నటిది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలకొలది ఇళ్ళను తుడిచిపెట్టినది. 1912లో సిటీ ఇంప్రూవుమెంటు బోర్డు ఏర్పడినది. ఇరుకు బస్తీలను తొలగించి, వీధులను వెడల్పు చేసి, సామాన్యులు అద్దె చెల్లించి ఉండగల చిన్న ఇళ్ళు కట్టించుట దాని పనులలో ఒకటి. నాంపల్లి ప్రాంతములో కూడ ఆ పని జరిగినది. ఖైరతాబాదులో "ఓల్డు సి.ఐ.బి. క్వార్టర్సు" అనే చిరునామా ఇంకను చెల్లుబడిలో ఉన్నది గాని, ఆ మూడు అక్షరములు ఏ సంస్థవో ఎరిగినవారు తగ్గిపోయినారు. 1956 నవంబరు 1న రాష్ట్రము ఏర్పడి, రాజధాని కర్నూలు నుండి హైదరాబాదునకు మారినది. గుమాస్తాలు, టైపిస్టులు, వారి ముసలి తల్లిదండ్రులు, బడి మారిన పిల్లలు అందరికీ ఒక్కసారిగా ఇళ్ళు కావలసి వచ్చినవి. 1951లో సుమారు 11 లక్షల జనముతో ఉన్న నగరము 2011 నాటికి 67 లక్షలు దాటినది.

ఆఫీసులకు దగ్గరగా ఉండవలెనని అప్పుడు ఖైరతాబాదు, నాంపల్లి వెతికినారు. ఇప్పుడును అందుకే వెతుకుతున్నారు. సచివాలయము, శాసనసభ, 1907 నాటి నాంపల్లి రైల్వే స్టేషను, రెడ్‌హిల్సులో నీలోఫరు ఆసుపత్రి, ఇవి అన్నియు రెండు మూడు మైళ్ళలోపలనే ఉన్నవి. 2018 సెప్టెంబరులో అమీరుపేట నుండి ఎల్.బి. నగరు వరకు మెట్రో రైలు నడువనారంభించి, ఖైరతాబాదు, లక్డీకాపూల్, అసెంబ్లీ, నాంపల్లి, గాంధీభవన్ స్టేషన్లను ఒకే వరుసకు తెచ్చినది. స్టేషనుకు నడిచిపోదగిన ఇల్లు అనే మాట అద్దెలో కూడ ప్రత్యేకముగా లెక్కకు వచ్చినది. ఆబిడ్స్ సంగతి వేరు. అక్కడ క్రింద దుకాణము, మీద గోదాము; కాపురమునకు ఇల్లు కావలెనంటే కింగుకోఠీ, గన్‌ఫౌండ్రీ సందులలోనికి పోవలసినదే.

వెతుకులాటకు కాలము కూడ చూడవలెను. మే, జూను నెలలలో బడులు తెరిచే వేళకు అందరూ ఒకేసారి బయలుదేరుతారు. ఆషాఢము రాగానే వీధి చల్లబడుతుంది. ఆషాఢములోను, శూన్యమాసములోను పాలు పొంగించి క్రొత్త ఇంట దిగేవారు తక్కువ. పట్టింపు లేనివారికి అదియే మంచి సమయము. ఖాళీగా ఉన్న ఇంటికి యజమాని కొంత తగ్గించుటకు ఒప్పుకొంటాడు. ఇక ఖైరతాబాదులో వినాయక చవితి మొదలు నిమజ్జనము వరకు సామాను బండి తేవలెనని తలపెట్టవద్దు. 1954లో ఒక్క అడుగు ఎత్తున మొదలైన ఆ విగ్రహము 60 అడుగులకు పెరిగిన తరువాత, ఆ రోజులలో అక్కడ మనిషి నడుచుటయే కష్టము.

ఫోనులో చూపే ప్రకటనలు చాల ఉన్నవి. కాని మూలమీది కిరాణా దుకాణమువాడు, అపార్టుమెంటు వాచ్‌మన్ చెప్పే సమాచారము వాటికంటె తాజాగా ఉంటుందని నా అభిప్రాయము. ఏ ఇంటిలో నీళ్ళు రావో, ఏ యజమానికి కోపమెక్కువో వారు చెప్పగలరు; ప్రకటనలు చెప్పవు. బ్రోకరు ద్వారా పోయినచో అతనికి పదిహేను రోజుల అద్దెయో, నెల అద్దెయో ముట్టచెప్పవలెను. ఎంత అనునది ఇల్లు చూడక పూర్వమే అడిగి తెలుసుకొనుట మేలు. చూడని ఇంటికి ఎవరు అడిగినను ఒక్క రూపాయి అడ్వాన్సు పంపవద్దు.

అసలు పరీక్ష గుమ్మము దగ్గర జరుగుతుంది. ఎంత అద్దె ఇవ్వగలరు అనునది మొదటి ప్రశ్న కాదు. "ఏ ఊరండీ మీది?" అని మొదలవుతుంది. తరువాత ఇంటిపేరు. ఇంటిపేరుతో తేలకపోతే, "ఇంతకూ మీరేమిట్లు?" ఉద్యోగము, జీతము, పిల్లలెందరు, ఊరి నుండి వచ్చే బంధువులెందరు, మాంసము వండుతారా, ఇవన్నియు వరుసగా వస్తవి. ఫోనులో చక్కని తెలుగు విని రమ్మన్న యజమాని, వచ్చిన మనిషి పేరు మహమ్మదీయుల పేరని తెలియగానే, "నిన్ననే ఇచ్చేశామండీ" అంటాడు. బోర్డు మాత్రము మరునాడు కూడ గేటుకు వ్రేలాడుతూనే ఉంటుంది. ఈ జవాబు ఏ ఒక్క మతమువారి సొత్తు కాదు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సులు ఇద్దరు కలిసి ఒక పోర్షను అడిగితే, "మగదిక్కు ఎవరున్నారమ్మా?" అని అడుగుతారు. రాత్రి పదింటికి గేటు తాళము వేసే ఇంటిలో, రెండు గంటలకు ఇల్లు చేరే మనిషి ఎట్లుండగలదు? భర్త పోయిన స్త్రీ, చదువుకొనే కుర్రవాడు, వీరి అనుభవము కూడ ఇదే. రోగులకు సేవ చేయుటకు వారు కావలెను గాని, పై వాటాలో కాపురముండుటకు పనికిరారన్నమాట.

యజమాని పక్షమున కూడ ఒక మాట చెప్పవలెను. ఈ బస్తీలలో చాలమందికి పై వాటా అద్దెయే పింఛను. బిడ్డలు దూరదేశములలో ఉన్న వృద్ధ దంపతులు, దిగినవాడు మంచివాడో కాదో, అడిగిన రోజున ఖాళీ చేస్తాడో లేదో అని భయపడుటలో వింత లేదు. అద్దె వ్యాజ్యములు ఏండ్ల తరబడి సాగుట వారు చూసినారు. అయితే ఆ భయమునకు మందు క్రొత్తగా దిగేవాని ఆఫీసు గుర్తింపు కార్డు, పాత యజమాని మాట, సరియైన ఒప్పంద పత్రము. కులము పేరు ఆ భయమును ఏ విధముగాను తీర్చదు. అంటరానితనము కారణముగా ఏ ఊరనైనను, ఏ పేటనైనను ఒకరిని ఇల్లు కట్టుకొననీయకుండుట, కాపురముండనీయకుండుట 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టము క్రింద శిక్షార్హమైన నేరము. మతము పేర, ఆహారము పేర, ఒంటరితనము పేర కాదనుటను ఆ చట్టము అంటదు. ఆ మేరకు తలుపు మూసే అధికారము యజమాని చేతిలోనే మిగిలినది.

ఇతర దేశములలో దీనిని ఎట్లు సరిదిద్దుకొన్నారో చూడదగును. నెదర్లాండ్సులో ఐండ్‌హోవెన్ అని రెండున్నర లక్షల జనాభా గల ఒక పట్టణమున్నది. ప్రక్కనే వెల్డ్‌హోవెనులో చిప్పుల తయారీకి యంత్రములు నిర్మించే ఏ.ఎస్.ఎం.ఎల్. సంస్థ ఉండుటవలన మన ఇంజనీర్లు కూడ అక్కడకు పోతున్నారు. 2023 జులై నుండి ఆ దేశములో అద్దె ఒప్పందము కాగితము మీద ఉండితీరవలెను. డిపాజిట్టు రెండు నెలల అద్దెకు మించరాదు. వచ్చినవారిలో ఒకరిని ఎంచునపుడు పక్షపాతము చూపరాదు. గదుల వైశాల్యము, వంటగది, వెచ్చదనము నిలుపుకొనే గుణము, వీటికి మార్కులు వేసి, మార్కులను బట్టి అద్దెకు హద్దు కడతారు. ఈ హద్దును 2024 జులైలో మధ్యతరగతి ఇళ్ళకు కూడ విస్తరించినారు. వినుటకు ఎంతో ముచ్చటగా ఉన్నది. కాని గిట్టుబాటు కాదని కొందరు యజమానులు తమ ఇళ్ళను అద్దెకు తీసి అమ్ముకొన్నారు. ఒక ఇల్లు చూచుటకు పదులకొలది మంది బారులు తీరుతారు. తక్కువ అద్దె గల సామాజిక గృహములకు ఏండ్ల కొలది నిరీక్షణ. పైగా చిరునామా చూపి పురపాలక సంఘములో నమోదు కానిదే పౌరసంఖ్య రాదు. అది లేక జీతము, బ్యాంకు ఖాతా సాగవు. అందుచేత "నమోదు చేసుకొనరాదు" అనే యజమాని ఇంటికి అక్కడ తెలిసినవారు పోరు. చట్టము ఒక్కటియే ఇళ్ళను పుట్టించలేదని ఆ దేశము చూస్తే తెలుస్తుంది.

మనకును చట్టము లేకపోలేదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనముల అద్దె నియంత్రణ చట్టము చాల గట్టిది. యజమాని ఒక నెల అద్దెకు మించి అడ్వాన్సు తీసికొనరాదని కూడ అందులో ఉన్నది. 1957 ఆగస్టు 26 తరువాత కట్టిన ఇళ్ళకు మొదట ఈ చట్టము వర్తించేది కాదు. ఆ మినహాయింపును 1983లో సుప్రీంకోర్టు కొట్టివేసినది. పిదప 2005 సవరణతో, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు మించిన అద్దెగల ఇళ్ళు చట్టము గొడుగు వెలుపలికి పోయినవి. ఖైరతాబాదులో నేడు ఆ లోపు అద్దెకు కుటుంబము నిలువదగిన ఇల్లు ఎక్కడ ఉన్నది? చట్టము పుస్తకములో ఉన్నది, కిరాయిదారు వానలో నిలిచి ఉన్నాడు. అందుకే రెండు మూడు నెలల అడ్వాన్సు అడిగినను కాదనువారు లేరు.

ఇక మిగిలిన రక్ష ఇరువురు వ్రాసికొనే కాగితము. అది పదకొండు నెలలకే ఎందుకుంటుందని చాలమంది అడుగుతారు. ఏడాదికి మించిన అద్దె పత్రమును రిజిస్టరు చేయించవలెనని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము చెప్పినది. ఆ ఖర్చు తప్పించుకొనుటకు ఒక నెల తగ్గించుకొన్నారు. మన రాష్ట్రములో 1999 సవరణ ఈ ఏడాది గడువును తీసివేసి అద్దె పత్రములన్నిటికీ రిజిస్ట్రేషను విధించినది. పదకొండు నెలల అలవాటు మాత్రము పోలేదు. రిజిస్టరు చేయించగలిగితే మంచిది. నెలవారీ అద్దెకు ఉన్నవారిని ఖాళీ చేయించుటకు పదిహేను రోజుల నోటీసు చాలునని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము అంటున్నది. పదిహేను రోజులలో పిల్లల బడి దగ్గర మరొక ఇల్లు దొరకునా? కనుక నోటీసు రెండు నెలలని కాగితములో వ్రాయించుకొనండి. ఏడాదికి అద్దె ఎంత పెంచవలెనో, అడ్వాన్సు ఎన్నాళ్ళలో తిరిగి ఇవ్వవలెనో, మెయింటెనెన్సు అద్దెలో చేరునో లేదో వ్రాయించండి. అద్దెను బ్యాంకు ద్వారా పంపితే, అదే రసీదు అవుతుంది. ఏటికి లక్ష మించిన అద్దెపై ఆదాయపు పన్ను రాయితీ కోరేవారు యజమాని పాన్ నంబరు చూపవలెను. ఆ నంబరు ఇవ్వనని యజమాని దిగిన తరువాత చెప్పుటకంటె ముందే చెప్పుట ఇరువురికీ మర్యాద.

గుమ్మములో యజమాని ఇన్ని ప్రశ్నలు వేసినపుడు, దిగబోయేవారు కొన్ని అడుగుటలో తప్పు లేదు. నీళ్ళు దినము విడిచి దినము వస్తవా, ఎన్ని గంటలకు? సంపు ఎంత పెద్దది, బోరు వేసవిలో ఎండుతుందా, ట్యాంకరు తెప్పిస్తే డబ్బు ఎవరు పెట్టుకొంటారు? గృహ కనెక్షన్లకు నెలకు 20,000 లీటర్ల వరకు ఉచితముగా ఇచ్చే పథకము 2021లో ఆరంభమైన తరువాత కూడ, "నీళ్ళ చార్జీ" అని వేరే వసూలు చేసే ఇళ్ళున్నవి. అది మోటారు కరెంటుకా, ట్యాంకరుకా అని అడిగి తెలిసికొనవలెను. కరెంటు మీటరు వేరుగా ఉన్నదో లేదో స్వయముగా చూడండి. మూడు వాటాలకు ఒకే మీటరు ఉంటే యూనిట్లన్నియు ఒక చోట చేరి పై రేటులో పడతవి. తక్కువ వాడిన ఇంటివారు ఎక్కువ వాడిన ఇంటివారి రేటు చెల్లిస్తారు.

దిగే రోజున, సామాను లోపల పెట్టక పూర్వమే, గోడలు, కుళాయిలు, స్విచ్చులు, కిటికీ అద్దములు ఫోనుతో ఫొటోలు తీసి యజమానికి కూడ పంపుట మంచిది. ఖాళీ చేసేటప్పుడు రంగు వేయించుటకని ఒక నెల అద్దెను అడ్వాన్సులో నుండి కోయుట ఇక్కడ ఆచారమైపోయినది. మేకు ఎవరు కొట్టినారో, చెమ్మ ఎప్పటిదో అప్పుడు తేలవలెనంటే ఆ ఫొటోలే ఆధారము. మీటరు మీది అంకెను కూడ వాటిలో చేర్చండి; పాత కిరాయిదారు బాకీ తరచుగా అక్కడనే దాగి ఉంటుంది.