గీతల యంత్రమును, మన గల్లాపెట్టెయును

(మన సంఘమునకు చెందిన వర్తక సభ్యుల సమావేశమున చేసిన ఉపన్యాస పాఠము)

 

ఈ దినమున మేము ముచ్చటింపదలచిన విషయము చిన్నది. సరుకు పొట్లములపై నుండు నల్లగీతలను చదివి కంప్యూటరునకు అందించు చేతి పనిముట్టు, అనగా బార్‌కోడు స్కానరు, దానిని గూర్చియే. మన సభ్యులలో కొందరు దానిని కొని పెట్టెలోనుండి తీయకయే యుంచినారు. కొందరు తీసి, పనిచేయలేదని మరల పెట్టెలో పెట్టినారు. కొందరము తొందరపడి వాడి, తప్పుచేసి, పిమ్మట నేర్చుకొంటిమి. మేము పండితులము కాము. మెట్రిక్యులేషను వరకు చదివి, ఇరువది యేండ్లకు పైగా గల్లాపెట్టె వద్ద కూర్చున్నవారము. తెలిసినంతవరకు మనవి చేయుచున్నాము.

కొత్త యంత్రమును జూచి వెనుదీయుట మన ఊరి స్వభావము కాదు. 1902లో శివనసముద్రమునుండి విద్యుత్తు తీగెలమీద వచ్చి మొదట చేరినది మన బంగారు గనులకే. బెంగళూరు వీథులలో ఆ దీపములు వెలిగినది 1905లో. అట్టి గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. నాటినుండి మారికుప్పము, చాంపియన్, ఊరిగాము స్టేషనులలో తెల్లవారకమునుపే రైలెక్కి బెంగళూరునకు పనికి బోవు కుటుంబములే మన అంగళ్లకు పెద్ద ఆధారము. అక్కడి పెద్ద అంగళ్లలో క్షణములో బిల్లు వచ్చుట వారు చూచుచున్నారు. రాత్రి రైలు దిగి రాబర్ట్‌సన్‌పేటలోనో ఆండర్సన్‌పేటలోనో మన యెదుట నిలిచినప్పుడు, మేము కాగితముపై కూడికలు వేయుచుండగా వేచియుండు ఓపిక వారికి లేదు. అది వారి తప్పు కాదు. కనుక ఈ యంత్రము మనకు వేడుక వస్తువు కాదు, అవసరము.

ముందుగా ఆ గీతల సంగతి. అమెరికాలో వుడ్‌లాండ్, సిల్వర్ అను ఇరువురు ఈ పద్ధతికి 1949లో పేటెంటు కోరిరి. 1952లో అది లభించెను. అంగడిలో మొదటిసారి ఒక సరుకును నేటి పద్ధతి గీతలతో చదివి అమ్మినది 1974 జూన్ 26న, ఒహాయో రాష్ట్రమున ట్రాయ్ అను ఊరిలో. ఆ సరుకు ఒక చూయింగ్ గమ్ పొట్లము. నేడు మన సబ్బు బిళ్లపై నుండునవి 13 అంకెలు. మొదట 890 అని యుండినచో ఆ సంఖ్య భారతదేశపు సంస్థ యగు జీఎస్1 ఇండియా ద్వారా కేటాయింపబడినదని అర్థము. సరుకు ఈ దేశమున తయారైనదనుటకు అది రుజువు కాదు. పలువురు ఈ రెండింటిని ఒకటిగా భావించుచున్నారు.

చివరి అంకె కాపలాదారు వంటిది. దానిని లెక్కించు విధము మన చిట్టాలెక్కవలె సులభము. ఉదాహరణకు 890123456789 అను పండ్రెండంకెలను తీసికొందము. ఎడమనుండి ఒకటవ, మూడవ, ఐదవ, ఇట్లు బేసి స్థానముల అంకెలను కూడిన 28. సరి స్థానములవి కూడిన 34. దానిని మూడింతలు చేసిన 102. రెండును కలిపిన 130. ఈ మొత్తమునకు ఎంత చేర్చిన పదితో నిశ్శేషముగా భాగింపబడునో అదే పదుమూడవ అంకె. ఇక్కడ అది సున్న. పొట్లము నలిగి ఒక అంకె తప్పుగా చదువబడినచో ఈ లెక్క కుదరదు. స్కానరు దానిని నిరాకరించును. కావున యంత్రము తప్పు చదివినదని అనుటకు ముందు మన పట్టికను మరియొకసారి చూచుకొనవలెను.

ఇక యంత్రమును అమర్చు విధము. స్కానరులు రెండు జాతులు. ఎఱ్ఱని లేజరు గీతతో చదువునవి నల్లగీతలను మాత్రమే చదువగలవు. చిత్రము తీసి చదువునవి గీతలనే కాక చదరపు క్యూఆర్ గుర్తులను, ఫోను తెరపైనున్న వానిని గూడ చదువును. పచారీ అంగడికి మొదటిది చాలును. ముందుచూపు కలవారు రెండవది కొనవచ్చును.

తీగెను కంప్యూటరు యొక్క యూఎస్‌బీ రంధ్రమున చొనిపిన చాలును. సాధారణముగా కంప్యూటరు దానిని మరియొక కీబోర్డుగా ఎంచును. అనగా స్కానరు చేయునది, ఆ పదుమూడంకెలను మనకంటె వేగముగా తట్టుట మాత్రమే. ఈ ఒక్క మాట గ్రహించినవారికి సగము చిక్కులు తొలగినట్లే. బిల్లు సాఫ్ట్‌వేరు తెరువకమునుపు నోట్‌ప్యాడ్ తెరచి ఒక సబ్బుపై గురిపెట్టి మీట నొక్కి చూడవలెను. అంకెలు పడినచో యంత్రము మంచిదే. లోపమున్నచో సాఫ్ట్‌వేరులో వెదకవలెను. అంకెలు పడనిచో తీగెను, రంధ్రమును చూడవలెను. తీగె లేని రకమైనచో, దాని పీఠముపై గాని పుస్తకములో గాని ఉండు జతపరచు గుర్తును ముందుగా చదివింపవలెను. రాత్రి పీఠముపై పెట్టుట మరువరాదు.

స్కానరుతో వచ్చు చిన్న పుస్తకమును పారవేయకుడు. దానికి ఆజ్ఞలిచ్చు మీటలు ఆ పుస్తకములోనే కలవు. ఒక్కొక్క మార్పునకు ఒక్కొక్క గీతల గుర్తు అచ్చు వేసియుందురు. దానిని చదివించినచో యంత్రము ఆ మార్పును స్వీకరించును. ఒక కంపెనీ పుస్తకము మరియొక కంపెనీ యంత్రమునకు పనికిరాదు. ఒక గుర్తును చదివించునపుడు ప్రక్కనున్న గుర్తులను కాగితముతో కప్పవలెను. లేనిచో అడుగని ఆజ్ఞను అది ఆచరించును. చిక్కుపడినచో మొదటి స్థితికి తెచ్చు గుర్తు ఒకటి యుండును. దానిని చదివించి మరల ప్రారంభింపవచ్చును. ఆ పుటయొక్క నకలును గల్లాపెట్టె మూతకు లోపలివైపు అంటించుట మంచిది.

ముఖ్యముగా చూచుకొనవలసినవి నాలుగు. మొదటిది, అంకెల చివర ఎంటర్ మీట నొక్కినట్లు పంపు ఏర్పాటు. అది లేనిచో అంకెలు పడి అక్కడే నిలిచిపోవును. అది ఉండి, సాఫ్ట్‌వేరు తానుగా గూడ ముందుకు సాగినచో, ఖాళీ వరుసలు వచ్చును. రెండవది, ఒకే సరుకును మరల చదువుటకు నడుమ విరామము. స్కానరును పీఠముపై నిలిపి తనంతట చదువునట్లు పెట్టినప్పుడు ఈ విరామము చాలనిచో ఒక బిస్కత్తు పొట్లము రెండుగా లెక్కకెక్కును. మూడవది, ఏయే జాతి గీతలను చదువవలెనను నిర్ణయము. చిన్న పొట్లములపై 8 అంకెలే యుండును. అమెరికా సరుకులపై 12 ఉండును, వానిని కొన్ని యంత్రములు ముందు సున్న చేర్చి 13గా పంపును. మన పట్టికలో ఎట్లు వ్రాసితిమో అట్లే వచ్చునట్లు చూడవలెను. నాలుగవది, కీబోర్డు భాష. కంప్యూటరులో ఇతర భాష పెట్టియున్నప్పుడు అక్షరములు గల గుర్తులు తారుమారగును. తెలుగులో టైపు చేసి ముగించిన పిమ్మట ఆంగ్లమునకు మార్చి బిల్లు తీయవలెను.

రాగులు, చింతపండు, అవరెకాయలు మొదలగు విడి సరుకులకు కంపెనీ గీతలుండవు. వానికి మనమే చీటీలు అచ్చు వేసికొనవచ్చును. 20 మొదలు 29 వరకు గల అంకెలతో ప్రారంభమగు సంఖ్యలు అంగడి సొంత వాడుకకై విడువబడియున్నవి. అవి మన తలుపు దాటి చెల్లవు. చీటీపై గీతలకు ఇరుప్రక్కల తెల్లని చోటు విడువవలెను. ఎఱ్ఱ సిరాతో గీతలు వేయరాదు. ఎఱ్ఱని వెలుగునకు ఎఱ్ఱ గీత తెల్లగానే కనబడును. వేడితో అచ్చగు చీటీలు ఎండలో వెలిసిపోవును గనుక వీథివైపు అలమరలో పెట్టరాదు.

ఇంతవరకు యంత్రము మాట. ఇక మా మాట.

2025 సెప్టెంబరు 22నుండి తలనూనె, సబ్బు మొదలగు పెక్కు వస్తువులపై జీఎస్‌టీ 18 శాతమునుండి 5 శాతమునకు తగ్గినది. కొత్త ధర అచ్చు వేసిన నూనె సీసాలు మా అంగడికి వచ్చినవి. వానిమీది గీతలు మాత్రము పాతవే. మేము పట్టికలో ధర మార్చలేదు. స్కానరు కుయ్యిమనెను; పాత ధర పడెను; మేము సొమ్ము తీసికొంటిమి. మరునాడు ఒక పెద్దాయన సీసాను, బిల్లును పట్టుకొని వచ్చినాడు. గనిలో మూడు దశాబ్దములు పనిచేసి దిగినవాడు. మా తండ్రిగారి కాలమునుండి మా ఖాతాదారు. “అయ్యా, మీ నాయనగారు పెన్సిలుతో లెక్క వ్రాసినప్పుడు నేను ఎన్నడును సరిచూడలేదు. ఈ మిషను వచ్చినప్పటినుండి చూడవలసివచ్చుచున్నది” అనెను. తేడా పదునొకండు రూపాయలు. తిరిగి ఇచ్చితిమి. కాని ఆ మాటకు మేము తిరిగి ఈయగలిగినది లేదు. అచ్చు వేసిన గరిష్ఠ ధరకు మించి తీసికొనుట చట్టరీత్యా నేరమని మాకు తెలియును. అయినను ఆ రాత్రి మమ్ము నిద్రపోనీయనిది చట్టము కాదు.

అప్పుడు మాకు బోధపడినది ఇది. ఆ గీతలలో ధర లేదు. సరుకు పేరును లేదు. ఉన్నది సంఖ్య మాత్రమే. పేరును, ధరను ఆ సంఖ్యకు చేర్చి వ్రాయువారము మనమే. యంత్రము సరిగా చదివినకొలది, మన పట్టికలోని తప్పు అంత వేగముగా ఊరంతయు వ్యాపించును. ఒకే గీతలకు రెండు ధరల సరుకు అలమరలో నున్నప్పుడు, సాఫ్ట్‌వేరులో రెండు వరుసలుగా వ్రాసి, చదివినప్పుడెల్ల ఏ ధరదని అడుగునట్లు పెట్టవలెను. ఆ యేర్పాటు లేనిచో పాత సరుకును వేరుగా తీసి ముందుగా అమ్మివేయవలెను. సరుకు దించుకొన్న రోజుననే ప్రతి రకమునుండి ఒకటి తీసి చదివించి, తెరమీది ధరను పొట్లముపై ధరతో సరిచూడవలెను. మేము ఇప్పుడు అట్లు చేయుచున్నాము.

మరియొక సంగతి గూడ చెప్పక తీరదు. మా అంగడిలో పగటివేళ గల్లాపెట్టె చూచునది మా తల్లిగారు. ముళబాగిలు ప్రక్క పల్లెలో పుట్టి, తెలుగు బడిలో ఐదవ తరగతి చదివినవారు. కంప్యూటరు వచ్చిన వారమునకే ఆమె గల్లాపెట్టె విడిచి లోపలికి పోయినారు. వయసు మీదబడినదని మేమనుకొంటిమి. కారణము అది కాదు. తెరమీద పేర్లన్నియు ఆంగ్లములో, అందునను సగము సగము అక్షరములతో ఉన్నవి. ఏ సరుకు పడినదో ఆమె చదువలేకపోయినారు. చదువలేనిదానికి సొమ్ము తీసికొనుటకు మనసొప్పలేదు.

నూనె సీసా సంగతి జరిగిన పిమ్మట పట్టికనంతయు తిరుగవ్రాయవలసివచ్చెను. మా కుమారుడు తెలుగు మాటలాడును గాని చదువనేరడు. ఆమె పేర్లు చెప్పుచు, అక్షరములు చూపుచుండగా వాడు టైపు చేసెను. ‘పెద్ద సబ్బు’, ‘కొబ్బరినూనె చిన్న సీసా’, ‘అగరువత్తి నీలిపొట్లము’ అని ఇంటిలో పలుకు పేర్లే పెట్టించినారు. నెల పట్టినది. ఆ నెలలో పట్టికతోపాటు వానికి ఒత్తులతో సహా తెలుగు వచ్చినది. ఇప్పుడు ఆమె మరల గల్లాపెట్టె వద్ద ఉన్నారు. మొన్న పప్పు పొట్లమునకు ఉప్పు పేరు పడగా మాకంటె ముందుగా ఆమెయే పట్టినారు.

కనుక సభ్యులకు మా సలహా. పట్టిక యూనికోడు తెలుగును అంగీకరించు సాఫ్ట్‌వేరునే కొనుడు. కొనుటకు ముందు ఒక పేరు టైపు చేయించి చూడుడు. చిన్న బిల్లు యంత్రములు కొన్ని తెలుగు అక్షరములను అచ్చు వేయలేవు. గళ్లు మాత్రమే వచ్చును. అట్లైనచో కాగితముమీద ఆంగ్లముననో కన్నడముననో ఉంచి, తెరమీదనైనను తెలుగు పేరు కనబడునట్లు అడుగుడు. కొనువారు అన్ని భాషలవారు. వారికి అనుకూలమైనది వారికి ఈయవలెను. గల్లాపెట్టె వద్ద కూర్చున్నవారికి తెలిసిన అక్షరములు గూడ యంత్రములో ఉండవలెను. మన భాషను ఇంటిలో నిలుపుకొనవలెనని ఈ సభలో పలుమారు చెప్పుకొంటిమి. అది పండుగనాటి ఉపన్యాసములవలన మాత్రమే నిలువదు. ప్రతిదినము కంటబడు చోట నుండవలెను. మన కుటుంబములకు అట్టి చోటు అంగడియే.

వచ్చు ఆదివారము సాయంకాలము సంఘపు గదిలో మా స్కానరును, కంప్యూటరును పెట్టియుంచెదము. పెట్టెలో మూలబడిన మీ యంత్రములను, వానితో వచ్చిన పుస్తకములను, పది రకముల సరుకులను తీసికొని రండు. కూర్చుండి సరిచేసికొందము. ఇంటిలోని పెద్దవారిని, పిల్లలను గూడ వెంటబెట్టుకొని రండు. పేర్లు చెప్పుటకు ఒకరు, వ్రాయుటకు ఒకరు కావలెను.