బాలబాలికల సహవాసము – పెద్దల కర్తవ్యము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసపు పాఠము)



25 ఏండ్లు నిండిన గ్రంథాలయము నేడు యౌవనమున నున్నది. మనుష్యుడు ఆ వయస్సునకు చేరులోపల ఒక ఇరుకు దారి దాటవలసియుండును. అది ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు గల మూడేండ్ల దారి. అంతవరకు తల్లి మాట వేదవాక్కు. ఆ తరువాత తోటివారి మాట వేదవాక్కు. “నీవు మా జట్టులో లేవు” అను మాట ఆ బిడ్డకు బెత్తపు దెబ్బకంటె ఎక్కువ బాధ కలిగించును.

ఇది పిల్లల తెలివితక్కువ కాదు. 1950ల దశకమున అమెరికాలో సాలమన్ ఆష్ అను మనస్తత్వ శాస్త్రవేత్త కళాశాల విద్యార్థులకు ఒక గీతను చూపి, మరి మూడు గీతలలో దానికి సమానమైనది ఏదని అడిగెను. గదిలోని తక్కినవారందరు ముందుగా కూడబలుకుకొని ఒకే తప్పు జవాబు చెప్పిరి. ఆ సంగతి తెలియని విద్యార్థి, అట్టి ప్రశ్నలలో సుమారు మూడింట ఒక వంతు సార్లు ఆ తప్పునే చెప్పెను. కంటికి కనబడు గీత విషయమున చదువుకొన్న యువకులే తడబడినప్పుడు, బడి ఎగగొట్టుమనియు, సిగరెట్టు ముట్టించుమనియు పదిమంది అనగా పన్నెండేండ్ల బిడ్డ మాట చెప్పనేల?

కాని ఆ పరిశోధనకు రెండవ భాగము కలదు. ఆ గదిలో ఒక్కడు సత్యము పలికినచో గుంపు ఒత్తిడి సుమారు నాలుగవ వంతునకు తగ్గెను. కెనడాలోని టొరంటో నగరమున పాఠశాలల ఆటస్థలములను పరిశీలించినవారు 2001లో ప్రకటించినదియు ఇట్టిదే. ఒక బిడ్డను ఏడిపించుచుండగా పదింట తొమ్మిది పర్యాయములు తోటిపిల్లలు చూచుచునే యుండిరి. అడ్డుపడినది పదింట రెండు పర్యాయములు మాత్రమే. అయినను అడ్డుపడినప్పుడు సగమునకు పైగా ఆ వేధింపు పది సెకనులలో ఆగిపోయెను. కావలసినది సైన్యము కాదు, ఒక్క తోడు.

ఒకప్పుడు బడి గంటతో తగవు ముగిసెడిది. నేడు అది ఫోను వెంట ఇంటిలోనికి, పడకలోనికి వచ్చుచున్నది. ఒక బాలిక ఫొటోకు వెక్కిరింపు మాట చేర్చి వాట్సాప్ బృందమున పెట్టినవారికి ఆమె కన్నీరు కనబడదు. ఇన్‌స్టాగ్రామ్ వంటి వాటికి కనీస వయస్సు 13 ఏండ్లని నియమము. ఆ నియమమును దాటుటకు పుట్టిన సంవత్సరము మార్చి ఇచ్చు పెద్దలును కలరు.

పెద్దల కర్తవ్యము ఇచట మొదలగుచున్నది. బిడ్డ వచ్చి చెప్పగానే ఫోను లాగుకొనరాదు. చెప్పినందుకు శిక్షించు ఇంట రెండవసారి చెప్పువారుండరు. “చెప్పి మంచి పని చేసితివమ్మా” అని ముందు దగ్గరకు తీయవలెను. ఆ సందేశమును చెరిపివేయక భద్రపరచి, ఉపాధ్యాయునికి చూపవలెను. అవసరమైనచో 1098 అను బాలల సహాయ సంఖ్యకు ఉచితముగా ఫోను చేయవచ్చును. అవతలివారి ఇంటిమీదికి పోరాదు. పిల్లల తగవు పెద్దలదైనచో పిల్లలు మరునాడు కలిసి ఆడుకొందురు గాని వీధులు ఏండ్ల తరబడి కలియవు.

తగవు వేరు, వేధింపు వేరు. సమానులిద్దరు తగవులాడినచో ఎదురెదురుగా కూర్చుండబెట్టి, ఒకరి మాట మరియొకరు వినునట్లు చేయవలెను. బలవంతుడు బలహీనుని పదే పదే ఏడిపించుచున్నప్పుడు అందరి యెదుట చేతులు కలుపుమనుట న్యాయము కాదు. ముందుగా బలహీనునికి రక్షణ కావలెను. కాదని చెప్పుటయు అభ్యాసముతో వచ్చు విద్యయే. “నాకు వద్దు, ఇంటికి పోవుచున్నాను” అను చిన్న వాక్యమును ఇంటియొద్దనే పలికించి అలవాటు చేసినచో, వేళకు అది నాలుకపైకి వచ్చును.

గ్రంథాలయము ఇందుకు చేయగల సాయము చిన్నది కాదు. జట్టులో చోటు దొరకని బిడ్డకు ఇచటి బల్లయొద్ద చోటు దొరకును. పదవ తరగతి విద్యార్థి ఒక్కొక్కడు ఆరవ తరగతి బిడ్డ యొక్కనికి సాయంకాలము తోడు కూర్చుండి చదివించినచో, బడిలో ఆ బిడ్డ ఒంటరి కాడు. రాబోవు 25 ఏండ్లలో ఈ బీరువాలలో ఎన్ని గ్రంథములు చేరునో అన్నియు మేలే. తోటివాని పక్షమున లేచి నిలుచు పిల్లలు నలుగురు ఈ గదినుండి బయలుదేరినచో ఈ ఉత్సవము సార్థకమగును.