నత్తి – ఆయుర్వేదం – మన ఓపిక

(కోసిగిలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఉపాధ్యాయుడిగా రిటైరైన ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. బి.పి., షుగరు గురించి చెప్పేవారు మనలో చాలామంది ఉన్నారు. నేను నత్తి గురించి చెబుతానన్నాను. నాకు చిన్నప్పటినుంచి నత్తి ఉంది. మధ్యలో నేను ఆగితే మైకు చెడిపోయిందనుకోకండి.

'క' అక్షరం నాకు గండం. పుట్టిందేమో కోసిగిలో! ఆదోనిలో చదువుకునే రోజుల్లో స్టేషన్ కౌంటరు దగ్గర మన ఊరి పేరు చెప్పలేక 'మంత్రాలయం' అని టిక్కెట్టు తీసుకొని ముందే ఇక్కడ దిగిపోయేవాణ్ణి. ఉద్యోగంలో చేరాక పిల్లల ముందు బాగానే మాట్లాడేవాణ్ణి గాని, పై అధికారి ఎదురైతే నోరు పెగిలేది కాదు. హెడ్మాస్టరు ప్రమోషను వచ్చినప్పుడు, రోజూ ప్రార్థన సమావేశంలో మాట్లాడాలన్న భయంతో వద్దని రాసిచ్చాను. దూరం బదిలీ ఇష్టం లేదని ఇంట్లో చెప్పాను. అసలు కారణం చెప్పడం ఇదే మొదటిసారి.

నత్తి తెలివితక్కువతనం కాదు. భయం వల్ల పుట్టేదీ కాదు. సాధారణంగా 2 నుంచి 5 ఏళ్ల మధ్య మొదలవుతుంది. నూటికి సుమారు 5 మంది పిల్లల్లో ఏదో ఒక దశలో కనిపిస్తుంది. ఎక్కువమందికి దానంతటదే పోతుంది. పెద్దవారిలో నూటికి ఒకరికి మిగిలిపోతుంది. ఆడవారికంటే మగవారిలో ఎక్కువ. వంశంలో రావడం, మెదడులో మాటను నడిపే ఏర్పాటులోని తేడా దీనికి మూలమని నేటి వైద్యులు చెబుతున్నారు. భయం తర్వాత వచ్చి చేరుతుంది. ఒక మాట దగ్గర నలుగురూ నవ్వితే, మళ్లీ ఆ మాట వచ్చేసరికి గొంతు ముందే బిగుసుకుంటుంది.

మన ఆయుర్వేద గ్రంథాలు మాటను ఉదాన వాయువు చేసే పనిగా చెప్పాయి. సుశ్రుత సంహితలో వాతవ్యాధుల మధ్య మూగతనం, ముక్కుతో మాట్లాడటం, గద్గదం, అంటే తడబడే మాట, మూడింటినీ కలిపి చెప్పారు. కఫంతో కూడిన వాయువు శబ్దాన్ని మోసే నాడులను అడ్డుకోవడమే కారణమన్నారు. కల్యాణక ఘృతం, సారస్వతారిష్టం, బ్రాహ్మి, వస వంటివి వైద్యులు వాడుతూ వచ్చారు.

మా అవ్వ వసకొమ్మును తేనెలో అరగదీసి నా నాలుకకు రాసేది. గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అంటాం గదా, ఆ నమ్మకమే. నాకు మాత్రం గుణం కనిపించలేదు. ఎవరో చెప్పారని మా నాయన నోట్లో గులకరాళ్లు పెట్టి చదివించాడు. ఒక రాయి గొంతుకు అడ్డం పడబోయింది. దయచేసి పిల్లలకు ఈ పని చేయించకండి. నాలుక కింది నరం కోయిస్తే నత్తి పోతుందన్నదీ అపోహే.

ఉన్నమాట చెప్పాలి. ఇంగ్లీషు మందుగాని, ఆయుర్వేద మందుగాని నత్తిని పూర్తిగా మాన్పుతుందని ఇంతవరకు గట్టిగా రుజువు కాలేదు. వసలో బీటా ఆసరోన్ అనే పదార్థం ఉంది. అది హానికరమని అమెరికాలో 1968లో ఆహారంలో వస వాడకాన్ని నిషేధించారు. ఏడాది నిండని బిడ్డకు తేనె కూడా పెట్టకూడదు. కాబట్టి తెలిసినవారెవరో చెప్పారని పసిపిల్లలకు ఏదీ నాకించవద్దు. పెద్దలు వాడదలిస్తే అర్హత ఉన్న వైద్యుణ్ణి అడిగి, తాము వాడే బి.పి., షుగరు మాత్రల సంగతి కూడా చెప్పాలి.

అలాగైతే ఆయుర్వేదంలో మనకు పనికొచ్చేది లేదా? ఉంది. చరకుడు చికిత్స మూడు విధాలన్నాడు. జపం, పూజ వంటివి దైవవ్యపాశ్రయం. ఆహారం, ఔషధం యుక్తివ్యపాశ్రయం. మనసును హాని చేసే విషయాలనుంచి మళ్లించి నిలబెట్టుకోవడం సత్త్వావజయం. నాకు కలిసివచ్చింది ఈ మూడోది. మా మనవడికి నాలుగో ఏట నత్తి మొదలైనప్పుడు, మాటల శిక్షణ ఇచ్చే నిపుణురాలు చెప్పిన పద్ధతులు దీనికి ఎంతో దగ్గరగా కనిపించాయి. వాడికోసం వెళ్లి నేనూ నేర్చుకున్నాను.

మొదటిది శ్వాస. పొట్ట నిండా గాలి తీసుకొని, వదలడం మొదలైన తర్వాత మెల్లగా మాట ఎత్తుకోవాలి. ఊపిరి బిగబట్టి మాటను తోయకూడదు. ఉదయం భ్రామరి ప్రాణాయామం పది నిమిషాలు చేస్తే నాకు గొంతు సడలుతుంది.

రెండవది రోజూ పైకి చదవడం. రాగం తీసి పద్యం పాడినప్పుడు, నలుగురితో కలిసి చదివినప్పుడు నత్తి దాదాపు రాదు. మొదట రాగంతో, తర్వాత సాగదీసి, ఆపైన మామూలుగా చదువుతాను.

మూడవది, ముఖ్యమైనది, తప్పించుకోకపోవడం. భయపడే సందర్భాలను చిన్నవి, పెద్దవి వరుసగా రాసుకొని, చిన్నదాంతో మొదలుపెట్టాలి. ఎదుటివారితో 'నాకు నత్తి ఉంది, కొంచెం ఆగండి' అని ముందే చెప్పేస్తే సగం బరువు దిగుతుంది. ఇంగ్లండు రాజు ఆరవ జార్జికి కూడా నత్తి ఉండేది. 1926 నుంచి లయొనెల్ లోగ్ అనే ఆస్ట్రేలియా ఆయన దగ్గర ఏళ్లతరబడి సాధన చేశాడు. నత్తి పూర్తిగా పోలేదు గాని, దానితోనే దేశానికి ప్రసంగాలు చేశాడు.

నాలుగవది వినేవారికి సంబంధించినది. మన మండలంలో తల్లిదండ్రులు సుగ్గికి పోతే ఎన్నో ఇళ్లలో పిల్లలు అవ్వాతాతల దగ్గరే ఉంటారు. ఆ పిల్లల మాట వినేది మనమే. బిడ్డ తడబడితే మాట మనం అందించవద్దు. 'నిదానంగా చెప్పు' అని గద్దించవద్దు. ముఖం తిప్పుకోకుండా, మనం నెమ్మదిగా మాట్లాడుతూ చివరిదాకా వినాలి. ఆరు నెలలు దాటినా తగ్గకపోతే, ఇంట్లో ఇంకెవరికైనా నత్తి ఉంటే, మాటల శిక్షణ నిపుణులకు చూపించాలి. మైసూరులో 1965లో స్థాపించిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఇందుకు పేరుపొందింది.

మన వయసువారికి ఒక హెచ్చరిక. ఎన్నడూ లేనిది ఉన్నట్టుండి మాట ముద్దగా వచ్చినా, మూతి వంకర పోయినా అది నత్తి కాదు, పక్షవాతం కావచ్చు. కషాయాలు కాచుకుంటూ కూర్చోకుండా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. అక్కడ ప్రతి నిమిషమూ విలువైనదే.

మొన్న ఆదోని స్టేషన్‌లో నా వంతు వచ్చింది. మూడుసార్లు 'కో' దగ్గర ఆగాను. కౌంటరులోని అబ్బాయి కాసేపు ఆగాడు. నాలుగోసారి 'కోసిగి' అన్నాను. ఈ వయసులో మన ఊరి పేరు చెప్పి టిక్కెట్టు తీసుకోగలిగాను. ఆ అబ్బాయి చూపిన ఓపికే ఈరోజు మీరూ చూపించారు. మీ ఇళ్లలోని పిల్లలకూ అదే ఇవ్వమని కోరుతున్నాను.