డీజిల్ కారులో పొగ వడపోత నిండితే: దీపం చెప్పేది, చెప్పనిది

(బెంగళూరులో జరిగిన వార్డు స్థాయి పౌరసమావేశంలో తెలుగు విభాగం తరపున చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడ కూర్చున్నవారిలో బండి నడిపి కుటుంబాన్ని పోషించుకొనేవారున్నారు. సొంత కారు గలవారున్నారు. ఏ వాహనమూ లేకపోయినా అన్ని వాహనాల పొగనూ పీల్చేవారం మనమందరమూ ఉన్నాము. నగరపాలక సంస్థలో నా ఉద్యోగం అనువాదం. యంత్రశాస్త్రం నా విద్య కాదు, తెలుగులో ఎం.ఏ. చదివాను. అటువంటి నేను డీజిల్ కారు ఫిల్టరు గురించి మాట్లాడటానికి పూనుకోవడానికి కారణం, నేను చేసిన ఒక అనువాద దోషం.

నిరుటి పౌరపుస్తికలో వాహనాల పొగ మీద ఒక పుట ఉంది. అందులో రీజెనరేషన్ అన్న మాటకు నేను "పునరుజ్జీవన ప్రక్రియ" అని వ్రాశాను. "పునరుజ్జీవన ప్రక్రియకు అంతరాయం కలిగించరాదు" అన్నది వాక్యం. వ్యాకరణరీత్యా నిర్దుష్టమే. కానీ ఆ వాక్యాన్ని చదివి ఏమి చేయాలో, ఏమి మానాలో తెలుసుకొన్నవారు ఒక్కరూ లేరని తరువాత తెలిసింది.

మా వీధిలో కదిరి నుంచి వచ్చి స్థిరపడిన ఒక అన్న ఉన్నాడు. ఏడు సీట్ల డీజిల్ బండిని వాయిదాల మీద కొనుక్కొని, ఆఫీసు ఉద్యోగులను ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి చేరవేస్తుంటాడు. ఒకనాటి సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. బండిలో ఫిల్టరు దీపం వెలిగిందట; పికప్ పూర్తిగా పడిపోయిందట. ఒక షెడ్డులో స్కానర్ పెట్టి చూసి, కొత్త ఫిల్టరు వేయాలి, లక్ష దాటుతుంది అన్నారు. మరొక షెడ్డులో "తెగెదుబిడి అణ్ణా" అన్నారు. అంటే ఫిల్టరు లోపలి భాగాన్ని కోసి తీసేసి, దీపం మళ్ళీ వెలగకుండా బండి కంప్యూటర్‌ను మార్చివేస్తారన్నమాట. దానికి అయ్యే ఖర్చు కొత్త ఫిల్టరు ధరలో చిన్న భాగమే. "పుస్తకంలో నువ్వే రాస్తివంట కదా సార్, ఏం చెయ్యమంటావు?" అని అడిగాడు. నా వద్ద జవాబు లేదు. ఆ జవాబు వెదకుతూ పదిమంది తెలిసినవారిని అడిగి, వాహన పుస్తకాలు చదివి నేర్చుకొన్నదే ఈనాటి నా ప్రసంగం.

మొదట ఈ వస్తువు ఏమిటో చూద్దాం. డీజిల్ పర్టిక్యులేట్ ఫిల్టర్, క్లుప్తంగా డి.పి.ఎఫ్., పొగగొట్టం దారిలో అమర్చిన పింగాణీ వంటి పదార్థపు దిమ్మె. లోపల తేనెపట్టు వలె సన్నని గదులుంటాయి. ఒక గది ముందు తెరిచి వెనుక మూసి ఉంటే, పక్క గది ముందు మూసి వెనుక తెరిచి ఉంటుంది. అందుచేత పొగ గోడల గుండా ఇంకిపోక తప్పదు. గాలి బయటికి పోతుంది, మసి గోడకు అంటుకొని నిలిచిపోతుంది. కాఫీ ఫిల్టరులో డికాషన్ క్రిందికి దిగి పొడి పైన నిలిచినట్లే.

మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. అంతకు ముందున్న భారత్ స్టేజ్ 4 ప్రకారం డీజిల్ కారు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల వరకు కణాలను విడువవచ్చు. ఇప్పుడు ఆ పరిమితి 4.5 మిల్లీగ్రాములు. ఈ హద్దులో నిలవడానికే ఇప్పటి డీజిల్ కార్లకు ఈ ఫిల్టరు అమర్చుతున్నారు.

కాఫీ ఫిల్టరును మనం కడుగుతాం. మరి దీనిని ఎవరు కడుగుతారు? ఇది తనను తానే కాల్చుకొని శుభ్రపడుతుంది. రహదారి మీద బండి నిలకడగా సాగేటప్పుడు పొగ వేడికే కొంత మసి కాలిపోతుంది. అది చాలనప్పుడు బండి కంప్యూటర్ కొంచెం డీజిల్‌ను అదనంగా చిమ్మించి, ఫిల్టరు వేడిని దాదాపు 600 డిగ్రీల సెల్సియస్‌కు చేరుస్తుంది. సాధారణంగా 10 నుంచి 20 నిమిషాలలో మసి కాలిపోతుంది. దీనినే నేను పునరుజ్జీవనమన్నాను. "ఫిల్టరు తన మసిని తానే కాల్చుకోవడం" అని వ్రాసి ఉంటే సరిపోయేది.

ఇక్కడ ఒక భేదాన్ని మనసులో ఉంచుకోవాలి. కట్టెల పొయ్యి ఎరిగినవారికి ఇది కొత్త కాదు. మసి మండుతుంది, బూడిద మండదు. ఫిల్టరులో నిండిన మసిని కాల్చవచ్చు. ఇంజన్ ఆయిల్‌లోని లోహపు లవణాలు కాలగా మిగిలే బూడిద మాత్రం ఎంత వేడికీ పోదు. అది ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా చేరుతుంది. అందుకే ఈ కార్లకు బూడిద తక్కువగా మిగిల్చే ఆయిల్‌నే వాడమని తయారీదారులు నిర్దేశిస్తారు.

దీపం వెలిగినప్పుడు అది చెప్పేది ఒక్కటే: ఫిల్టరులో మసి ఎక్కువైంది, లేదా ఎక్కువైందని కంప్యూటర్ భావిస్తోంది. ఎందుకు ఎక్కువైందో దీపం చెప్పదు. ఆ కారణాన్ని వెదకడమే అసలైన పరీక్ష. దానికి ఒక క్రమం ఉంది.

మొదటిది, బండి వాడుక. రోజూ నాలుగైదు కిలోమీటర్లు తిరిగి ఆగే బండికి, సిల్క్ బోర్డు కూడలిలో గంటల కొద్దీ నిలిచే బండికి ఫిల్టరు వేడెక్కే అవకాశమే రాదు. మసి చేరడమే గాని కాలడం ఉండదు.

రెండవది, దీపం తీరు. ఫిల్టరు దీపం ఒక్కటే నిలకడగా వెలిగితే, బండిలో తగినంత డీజిల్ ఉంటే, ఆయిల్ మట్టం సరిగా ఉంటే, చాలా కార్లకు రహదారి ప్రయాణమే మందు. హెబ్బాళ దాటి దేవనహళ్ళి వైపు వేగ పరిమితికి లోబడి, ఆగకుండా ఇరవై నిమిషాలు నడిపితే దీపం ఆరిపోవచ్చు. ఎంత వేగం, ఏ గేరు అన్నది మీ బండి పుస్తకంలో ఉంటుంది. దీపం ఆరి వెలుగుతూ ఉన్నా, దానితో పాటు ఇంజన్ దీపం వెలిగినా, బండి బలం తగ్గిపోయినా ఈ ప్రయత్నం చేయవద్దు. అప్పటికి మసి మితిమీరి ఉండవచ్చు. ఒక్కసారిగా మండితే ఆ వేడికి ఫిల్టరు పగిలే ప్రమాదముంది.

మూడవది, ఆయిల్ మట్టం చూసే కడ్డీ. మసి కాల్చుకొనేటప్పుడు మధ్యలో పదే పదే ఇంజన్ ఆపితే, కాలకుండా మిగిలిన డీజిల్ ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ పల్చబడి మట్టం పెరుగుతుంది. కడ్డీ మీద మట్టం పై గీతను దాటి ఉంటే బండిని నడపకుండా ఆయిల్ మార్పించాలి. ఆయిల్ తగ్గితే భయపడటం మనకు తెలుసు. పెరిగినా భయపడాలన్నది చాలామందికి తెలియదు.

నాలుగవది, స్కానర్. ఇందులో ఒక్క కోడును చూసి ఆగిపోకూడదు, ఉన్నవన్నీ చదవాలి. పి2463 అంటే మసి మితిమీరిందని. పి2453 అంటే ఫిల్టరు ముందు వెనుకల ఒత్తిడి భేదాన్ని కొలిచే సెన్సార్ చెప్పే విలువ నమ్మదగినట్లు లేదని. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు. ఇంజన్‌లో మరొక లోపమున్నట్లు కోడు నమోదైతే, చాలా బండ్లలో కంప్యూటర్ మసి కాల్చే పనిని మొదలుపెట్టనే పెట్టదు.

ఐదవది, ఒత్తిడి కొలత. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయక ముందు చూస్తే ఈ కొలత సున్నా, లేదా సున్నాకు అతి చేరువగా ఉండాలి. పొగే లేనప్పుడు ఒత్తిడి భేదం ఎక్కడిది? అప్పుడే పెద్ద సంఖ్య కనిపిస్తే లోపం సెన్సార్‌లో ఉండవచ్చు గాని ఫిల్టరులో ఉందనడానికి వీలులేదు. సెన్సార్‌కు పోయే రెండు రబ్బరు గొట్టాలు చిట్లినా, మసితో పూడినా కొలత తప్పుతుంది. సున్నా సరిగా ఉంటే ఇంజన్ స్టార్ట్ చేసి ఐడ్లింగ్‌లో ఒకసారి, సుమారు 2500 ఆర్.పి.ఎం. వద్ద ఒకసారి చూడాలి. శుభ్రమైన ఫిల్టరులో ఐడ్లింగ్ కొలత చాలా స్వల్పంగా ఉండి, వేగంతో పాటు ఒక క్రమంలో పెరుగుతుంది. నిండిన ఫిల్టరులో మొదటే ఎక్కువగా ఉండి, ఇంజన్ వేగం పెంచగానే ఎగబాకుతుంది. హద్దు ఏ బండికి ఆ బండికే వేరు; దానిని సర్వీసు పుస్తకంతో పోల్చి చూడాలి.

ఆరవది, మసి ఎక్కడి నుంచి వస్తున్నది అన్న ప్రశ్న. కారే ఇంజెక్టర్, తెరుచుకొని ఇరుక్కుపోయిన ఈ.జి.ఆర్. వాల్వ్, దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టర్, టర్బో నుంచి ఇంజన్‌కు గాలి తెచ్చే గొట్టంలో చీలిక: వీటిలో ఏది ఉన్నా ఇంజన్ మామూలుకన్నా ఎక్కువ మసిని పుట్టిస్తుంది. దానిని సరిచేయకుండా కొత్త ఫిల్టరు వేస్తే, అదీ కొన్నాళ్ళకే నిండుతుంది.

ఇక అన్న బండి సంగతి. తెలిసినవారు చెప్పిన మరొక మెకానిక్ దగ్గరకు ఇద్దరం వెళ్ళాం. కన్నడంలో ఆయన అడిగిన మొదటి ప్రశ్న స్కానర్ గురించి కాదు, బండిని ఎలా నడుపుతావన్నది. అప్పుడు బయటపడింది. అప్పుడప్పుడు బండి ఆగినా ముందు ఫ్యాన్ పెద్ద చప్పుడుతో తిరిగేది, ఐడ్లింగ్ పెరిగేది, కాలిన వాసన వచ్చేది. "ఫ్యాన్ అట్ల గోల పెడతా ఉంటే బండి కాలిపోతుందేమో అని దడ పుట్టి ఆఫ్ చేస్తా ఉంటి" అన్నాడు అన్న. అవి ఫిల్టరు తన మసిని తాను కాల్చుకొంటున్న గుర్తులు. బండిని కాపాడుకోవాలనే అతడు ఆపాడు. ఆపినప్పుడల్లా పని సగంలో నిలిచింది. అంతరాయం కలిగించరాదని నేను అచ్చువేయించిన వాక్యం అతని ఇంట్లోనే ఉంది. అతడు దానిని చదివాడు కూడా.

కడ్డీ తీసి చూస్తే ఆయిల్ పై గీతను దాటి ఉంది. ఇంజన్ ఆపినప్పుడు ఒత్తిడి సున్నా; కాబట్టి సెన్సార్ నిజమే చెబుతోంది, ఫిల్టరు నిజంగానే నిండింది. అయితే స్కానర్‌లో పి2463తో పాటు పి0299 అన్న కోడు కూడా ఉంది. టర్బో నుంచి రావలసినంత గాలి ఒత్తిడి రావడం లేదని దాని అర్థం. మొదటి షెడ్డులోనూ అది కనిపించి ఉండాలి. దాని మాట ఎవరూ ఎత్తలేదు. మెకానిక్ గాలి గొట్టాన్ని చేతితో తడిమి, క్రింది వైపున ఉన్న చీలికను చూపించాడు. గొట్టం మార్చి, ఆయిల్ మార్చి, బండిని ఆరుబయట నిలిపి, స్కానర్ ద్వారా ఆజ్ఞ ఇచ్చి మసిని కాల్పించాడు. తరువాత మళ్ళీ కొలిస్తే ఒత్తిడి మామూలుకు వచ్చింది. కాల్చిన తరువాత కూడా దిగకపోతే అది బూడిద అని, ఫిల్టరును విప్పి ప్రత్యేక యంత్రం మీద శుభ్రం చేయించాలని, లేదా మార్చాలని ఆయన వివరించాడు. ఆ అవసరం రాలేదు. మొత్తం ఖర్చు కొత్త ఫిల్టరు ధరలో పదోవంతు కూడా కాలేదు.

ఫిల్టరును కోసి తీసివేయించుకొనే విషయం మీద నాలుగు మాటలు. వాయిదా కట్టవలసిన రోజు దగ్గర పడుతుంటే చవక దారి ఎందుకు ఆకర్షిస్తుందో నాకు తెలుసు. ఆ దారిని చూసినవారిని తప్పుపట్టడానికి నేను ఇక్కడ నిలబడలేదు. కానీ వాయుకాలుష్య ప్రమాణాలను మీరిన బండిని నడిపితే, మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ క్రింద మొదటి తప్పుకే 10,000 రూపాయల వరకు జరిమానా గాని, మూడు నెలల వరకు జైలు గాని, రెండూ గాని ఉండవచ్చు. మూడు నెలల పాటు లైసెన్సు కూడా చెల్లకుండా పోతుంది. బండి నడిపి బ్రతికేవానికి మూడు నెలల లైసెన్సు అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు. ఇది చట్టం మాట. ఇంకొకటి ఊపిరి మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిల్ పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. ఆ పొగలోని కణాలు కంటికి కనపడనంత సన్నవి. కోసివేసిన గొట్టం నుంచి వెలువడే ఆ మసి ముందుగా చేరేది బండి వెనుక స్కూటరు మీద ఉన్నవారికి, మన ఇరుకు సందులలో గడప మీద ఆడుకొనే పిల్లలకు.

కనుక ఫిల్టరు మార్చాలి అని ఎవరైనా చెప్పినప్పుడు డబ్బు తీసే ముందు మూడు ప్రశ్నలు అడగండి. స్కానర్‌లో ఉన్న కోడులన్నీ ఏవి? ఇంజన్ ఆపినప్పుడు, ఐడ్లింగ్‌లో, 2500 ఆర్.పి.ఎం. వద్ద ఒత్తిడి ఎంతెంత? ఇంత మసి ఎందుకు చేరింది? ఈ మూడింటికీ జవాబు చెప్పగల మెకానిక్‌ను నమ్మవచ్చు. తెలుగులో అడిగినా, వచ్చీరాని కన్నడంలో అడిగినా ఫరవాలేదు. అంకెలకు భాషాభేదం లేదు.

ఈ ఏటి పుస్తికలో ఆ పాత వాక్యాన్ని తీసివేశాను. దాని స్థానంలో ఇలా వ్రాశాను: "బండి ఆగి ఉన్నా ఫ్యాన్ గట్టిగా తిరుగుతూ, కాలిన వాసన వస్తూ ఉంటే, ఎర్ర దీపమేదీ వెలగకపోతే, ఫిల్టరు తన మసిని కాల్చుకొంటున్నదని గ్రహించండి. ఎండుగడ్డి మీద గాని, మూసిన గదిలో గాని బండిని నిలపవద్దు. వీలైతే ఇంజన్ ఆపక మరికొంత దూరం నడపండి." అచ్చుకు పంపే ముందు అన్నకు చదివి వినిపించాను. "ఈ మాట నిరుడే రాసుంటే నాకు వారం బాడుగ మిగిలేది సార్" అన్నాడు.

ఆ వారం బాడుగను నేను తిరిగి ఇవ్వలేను. మీలో ఏ ఒక్కరికైనా అటువంటి నష్టం తప్పితే, ఈ ప్రసంగం ఫలించినట్లే.