పెద్ద తూటా, చిన్న రివాల్వర్: మా మావయ్య అడిగిన ప్రశ్న

ఈ ఎపిసోడ్ మా మావయ్య ఫోన్ కాల్‌తో మొదలైంది.

మావయ్యది నందిగామ. జగ్గయ్యపేటలో పత్తి, మిర్చి కొంటాడు. సీజన్‌లో రాత్రి తొమ్మిదింటికి డబ్బు సంచీ డిక్కీలో పెట్టుకుని హైవే మీద ఇంటికొస్తాడు. మొన్న చిల్లకల్లు టోల్‌గేట్ దాటాక ఒక బైక్ చాలాదూరం వెంటపడిందట. పెట్రోల్ బంకులో ఆగితే వాళ్లు ముందుకెళ్లిపోయారు. ఇంటికి రాగానే నాకు ఫోన్. "ఏరా, నువ్వు అన్నీ నెట్‌లో చూస్తావుగా. జేబులో పట్టాలి, తూటా మాత్రం పెద్దదై ఉండాలి. అలాంటి రివాల్వర్ ఏదో చెప్పు."

నేను నవ్వలేదు. అరవై దాటిన మనిషి భయపడి అడుగుతున్నాడు. కూర్చుని చదివా.

ముందు చట్టం. మన దగ్గర .380, .455 రివాల్వర్లు, సర్వీస్ 9 ఎంఎం పిస్టళ్లు ప్రొహిబిటెడ్ బోర్. మామూలు లైసెన్స్ మీద రావు. యూట్యూబ్‌లో అమెరికావాళ్లు చూపించే .44 మాగ్నమ్‌ను మనం బయటినుంచి తెప్పించుకోలేం. సామాన్యుడికి కొత్తగా దొరికేది చాలావరకు .32.

"అంత చిన్నదా?" అన్నాడు మావయ్య. ఇక్కడ నా బీటెక్ కాస్త పనికొచ్చింది.

.32 తూటా బరువు సుమారు 6.35 గ్రాములు, వేగం సెకనుకు 215 మీటర్ల దగ్గర. .44 మాగ్నమ్ తూటా 15.6 గ్రాములు, వేగం 360. గుణించి చూడండి, మొమెంటం నాలుగు రెట్లు. తుపాకి బరువు రెండిటికీ ఒకటే అనుకుంటే, వెనక్కి తన్నే శక్తి రఫ్‌గా పదహారు రెట్లు! మొమెంటం వర్గంతో పెరుగుతుంది కదా. పైగా జేబులో పట్టడానికి తుపాకిని తేలిక చేస్తే ఆ దెబ్బ ఇంకా పెరుగుతుంది. మొదటి తూటా పేలాక చెయ్యి పైకి లేచిపోతుంది, రెండోది ఎటు పోతుందో తెలీదు. అంటే చిన్నగా ఉండాలి, తూటా పెద్దదిగా ఉండాలి అన్న రెండు కోరికలూ ఒకదాన్నొకటి తినేస్తాయి.

.32లో ఏమున్నాయి? కాన్పూర్‌లో తయారైన నిర్భీక్ 2014లో వచ్చింది. నిర్భయ ఘటన తర్వాత మహిళల కోసమని తెచ్చారు. టైటానియం మిశ్రమం, 500 గ్రాములు, ఆరు తూటాలు. అప్పటి ధర 1,22,360 రూపాయలు. 2023లో ప్రబల్ వచ్చింది. బరువు సుమారు 700 గ్రాములు, రేంజ్ 50 మీటర్లు. తూటాలు నింపడానికి తుపాకిని మధ్యకి విరవక్కర్లేదు, సిలిండర్ పక్కకి తెరుచుకుంటుంది. నన్నడిగితే ఆ 200 గ్రాముల అదనపు బరువే మేలు, చేతిలో కుదురుగా ఉంటుంది.

ఇంత చెప్పాక నేనే ఒకటి అడిగా. "మావయ్యా, రాత్రి ఎనభై స్పీడ్‌లో బండి మీద ఉన్నావు, వెనక ఇద్దరొచ్చారు. చెయ్యి హ్యాండిల్ వదిలి, నడుముకున్న హోల్‌స్టర్‌లోంచి ఎప్పుడు తీస్తావు?"

మాట్లాడలేదు.

"తీసి కాల్చావనుకో. వాళ్లు అడ్రస్ అడగడానికి వచ్చినవాళ్లయితే?" బీఎన్‌ఎస్‌లో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. హక్కు ఉంది, కానీ అవసరానికి మించి హాని చేయకూడదు. ఆ అవసరం ఎంతో తర్వాత కోర్టులో తేలుతుంది. ఇంకోటి, ఇంట్లో ఆరేళ్ల మనవడున్నాడు. బీరువా తాళాలు ఎక్కడుంటాయో వాడికి మనకంటే బాగా తెలుసు.

చాలాసేపటికి అన్నాడు, "అయితే భయపడుతూ తిరగమంటావా?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. లైసెన్స్‌కి అప్లై చెయ్యొద్దని నేను అనలేదు. చెయ్యాలనుకుంటే కారణం చూపించాలి, పోలీసు విచారణ ఉంటుంది, శిక్షణ తీసుకోవాలి. అది వచ్చేలోపు ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న.

ఇప్పుడు రైతులకి డబ్బు చాలావరకు బ్యాంకు ఖాతాలోనే వేస్తున్నాడు. నగదు ఉన్న రోజు చీకటి పడకముందే, ఇంకో వ్యాపారి కారులో వస్తాడు. అప్లికేషన్ మాత్రం బల్ల సొరుగులోనే ఉంది, చింపలేదు, ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

మీ ఇంట్లో ఎవరైనా ఇదే ప్రశ్న అడిగితే, తుపాకి పేరు చెప్పేముందు ఆ రాత్రి ఏం జరిగిందో అడగండి.